పాత నీళ్ల గొంతు

తుర్కపల్లి ల్యాబుకు పోయే కంపెనీ క్యాబు పొద్దున ఏడుంబావుకు అలియాబాద్ చౌరస్తాలో ఆగుతుంది. పద్మలత ఏడింటికే వచ్చి నిలబడుతుంది. ఎక్కగానే పక్క సీటు రోజారాణికి గుడ్ మార్నింగ్ చెబుతుంది, దిగేటప్పుడు "సరే మరి" అంటుంది. నాలుగేళ్లుగా ఇద్దరి మధ్య నడిచిన కబుర్లన్నీ అవే. సాయంత్రం ఇల్లు చేరాక ఆ మాత్రం కూడా ఉండదు.

ఈ మధ్య అలియాబాద్‌కు మారేదాకా పదకొండేళ్లు ఆమె కండ్లకోయలో లేడీస్ హాస్టల్లో ఉండేది, అదే క్యాబు అక్కడ ఎక్కేది. మొన్నటి ఎండాకాలంలో వంటమనిషి సుక్కమ్మ చనిపోయింది. ఆ తర్వాత ఓనరు హాస్టల్ మూసేశాడు. అమ్మాయిలంతా సూట్‌కేసులు పట్టుకుని తలో దిక్కు పోయారు. హాల్లో గోడలోకి కట్టిన ఉప్పునీళ్ల తొట్టిని ఇన్నాళ్లూ చూసుకున్నది పద్మలతే కాబట్టి, అందులో ప్రాణంతో పెరిగే మెత్త పగడాలు ఆమె వాటాకు వచ్చాయి. అలియాబాద్‌లో రెండు గదుల పోర్షన్ తీసుకుని, కొత్త తొట్టి కొని, నెల ముందే ఉప్పునీళ్లు నింపి సిద్ధం చేసింది. ఒక ఆదివారం పగడాలను పాత నీళ్లతో సహా బకెట్లో పెట్టి తెచ్చుకుంది.

మెత్త పగడాల సంగతి అందరికీ తెలిసిందే. ఏ ఇంట్లో పెరిగితే ఆ ఇంటి మాటలు పట్టుకుంటాయి. కొత్త నీళ్లు ఒంటబట్టేదాకా పాత మాటలే అంటాయి, ఒంటబట్టాక మరిచిపోతాయి. ఆ సాయంత్రం దీపం పెట్టేవేళకు బకెట్లోంచి సుక్కమ్మ గొంతు పిలిచింది.

"లతా, అన్నం సల్లారుతాంది. జల్దీ రా బిడ్డా."

"వస్తున్న అవ్వా" అంది పద్మలత. కంచం తెచ్చుకుని బకెట్ పక్కన పీట వేసుకుని తిన్నది.

చేయాల్సింది ఆమెకు తెలియక కాదు. సెలైన్ పైపుతో కొత్త నీళ్లను బకెట్లోకి చుక్కచుక్కగా వదలాలి. గంట గడిచాక పగడాలను తొట్టి అడుగున, నీడలో పెట్టాలి. నాలుగు రోజులకోసారి కాస్త పైకి, వెలుతురులోకి జరపాలి. కానీ ల్యాబు మనుషులకో రోగం ఉంది, ఫలితం నచ్చకపోతే పరీక్ష మళ్లీ చేస్తారు. పద్మలత కొత్త నీళ్లలో ఉప్పు ఐదుసార్లు కొలిచింది. ఐదుసార్లూ సరిగ్గానే ఉంది. అయినా ఇంకో రెండ్రోజులు చూద్దాం అనుకుంది, రెండ్రోజులయ్యాక మళ్లీ అదే అనుకుంది.

తొమ్మిదో రోజుకు పగడాలు ముడుచుకుపోయి జిగురు కార్చాయి. పిలుపు "లతా, అన్నం" దగ్గరే తెగిపోయింది. కంగారుపడి మేడ్చల్‌లో అక్వేరియం దుకాణం నడిపే నవీన్‌కు ఫోన్ చేసింది.

"గింత తెలిసినామె గిట్ల జేస్తరా మేడమ్? పాత నీళ్లల్ల ఉంచితే ఎల్లుండి దాక గూడ బతకయి" అన్నాడతను.

"తొట్టిల ఏస్తే గొంతు పోతది నవీన్."

"పోతది మేడమ్. కని అవన్న బతుకుతయి గద."

కొత్త నీళ్ల పైపు మర తిప్పింది. చుక్క చుక్కకూ గొంతు సన్నబడింది. చివరికి "తిన్నవా బిడ్డా?" అని మాత్రం వినిపించింది. పొద్దుట్నుంచీ ఏమీ తినని పద్మలత "తిన్న అవ్వా" అని అబద్ధమాడింది. ఆ తర్వాత బోరున ఏడ్చింది. సొంత తల్లి పోయినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదు.

పగడాలు బతికాయి. నెలకల్లా వెలుతురులో వేళ్లలాంటి రెమ్మలన్నీ విప్పుకుని ఊగాయి. మాట మాత్రం లేదు. మాట్లాడే మనిషే లేని ఇంట్లో అవి మాత్రం ఏం నేర్చుకుంటాయి? పద్మలతకు ఇల్లు మునుపటికంటే పెద్దదైనట్టు తోచి భయమేసింది.

ఒక గురువారం జ్వరమొచ్చి లేవలేకపోయింది. చౌరస్తాలో క్యాబు ఆపించి, ఇల్లు వాకబు చేసుకుంటూ రోజారాణి వచ్చింది.

"ఏమైంది మేడమ్? ఫోన్ ఎత్తుతలేరు."

"ఏం లేదు, జర జ్వరం. నువ్వు పో, అందరికి లేటైతది."

అప్పుడు తొట్టి మొదటిసారి నోరు విప్పింది. అచ్చం పద్మలత గొంతే. "ఇయ్యాల గూడ ఎవ్వరు రాలే."

రోజూ తాళం తీస్తూ తానే ఆ మాట పైకి అంటున్నానని పద్మలతకు ఆ క్షణందాకా తెలియదు. సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. తొట్టి ఊరుకోలేదు. "ఎవ్వరు రాలే" అంది మళ్లీ.

రోజారాణి ఆశ్చర్యపోలేదు, అయ్యో అననూ లేదు. ఫోన్ తీసి డ్రైవరుకు చెప్పింది. "ధర్మేందరన్నా, మీరు పోండ్రి. నేనియ్యాల రాను."

చెప్పులు విడిచి వంటింట్లోకి నడిచింది. గిన్నెలు కదిలిన చప్పుడైంది.

"అక్కా, రవ్వ ఏడ వెట్టినవ్? జావ కాస్త."

పద్మలత దుప్పటి తీసింది. ఎక్కడ పెట్టిందో చప్పున గుర్తు రాలేదు.

"కింది అరల చూడు" అంది చివరికి. "నీక్కూడ కాసుకో."