ఫర్నేసుకి సెలవు

"ఇవాళ మిక్సీ ముట్టుకోకమ్మా, బొట్టు పెట్టాను" అంది అత్తగారు బాలసరస్వతమ్మ.

మహర్నవమి. కుట్టుమిషనుకీ, మిక్సీకీ, నీళ్ళ మోటారుకీ పసుపు కుంకుమలు పడ్డాయి, సెలవు దొరికింది. పదిమందికి గారెలు మాత్రం మానరు. అందుకని రాజరాజేశ్వరి బావిలో నీళ్ళు తోడి, రోటి ముందు చతికిలబడి పప్పు రుబ్బుతోంది. మిషన్ల మీద ఇంత దయ ఉన్న ఇంట్లో మనిషి ఒకతె ఉందని ఎవరికీ తోచదు కాబోలు.

భర్త అనంతపద్మనాభం కాలేజీ నుంచి ఉత్సాహంగా వచ్చాడు. ఇద్దరూ ఒకే డిపార్టుమెంటులో లెక్చరర్లు.

"పూజ బ్రహ్మాండంగా జరిగిందనుకో. తెల్లవారగానే ల్యాబులో నీ ఫర్నేసు కూడా ఆపించి బొట్టు పెట్టించాను. 'అమ్మగారు ఆపొద్దన్నారండీ' అని అటెండరు దానయ్య ఒకటే గొణుగుడు. ఏడాదికొక్కరోజు దానికీ విశ్రాంతి ఉండొద్దూ?"

పొత్రం ఆగిపోయింది.

ఫర్నేసులో ఉన్నవి థర్మల్ స్టేషన్లలో ఆవిరి గొట్టాలకి వాడే, వేడిని ఓర్చుకునే ఉక్కు ముక్కలు. వేసవి నుంచీ ఆ ఫర్నేసులో, ఆవిరిలో ఎర్రగా కాలుతున్నాయి. కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు దగ్గరికి పరిగెత్తి కాపాడుకుంది. ఆవిరికి ఉక్కు మీద నల్లటి పొర కడుతుంది. వేడిగా ఉన్నన్నాళ్ళూ అంటుకునే ఉంటుంది. ఒక్కసారిగా చల్లారిందా, ఉక్కు ముడుచుకున్నంతగా పొర ముడుచుకోలేదు, పగిలి రాలిపోతుంది. ఆ పొర ఎంత మందాన, ఎలా పెరుగుతుందన్నదే ఆమె డాక్టరేటంతా. ఆయనకి ఎన్నిసార్లు చెప్పింది! చెబుతుండగానే "చారులో ఉప్పు తగ్గింది" అనేవాడు.

పిండి చేతులతోనే రిక్షా ఎక్కింది.

ఫర్నేసు తలుపు మీద కుంకుమ బొట్లు. లోపల ముక్కల కింద నల్లటి పెచ్చులు కుప్పగా పడి ఉన్నాయి. ఆమెకి ఏడుపొచ్చింది.

వెనకే ఆయన స్కూటరు మీద వచ్చి లోపలికి తొంగిచూశాడు.

"అయిందేదో అయింది. రేపు మళ్ళీ వేడెక్కించు. ఆగినట్టు ఎక్కడా రాయకు. ఆగకుండా కాలినట్టు రాసి ఢిల్లీ జర్నలుకి పేపరు పంపేశాం, మొదటి పేరు నాది, పరువు పోతుంది. పద, గారెలకి అందరూ ఎదురుచూస్తున్నారు."

ఆమెకి కోపం వచ్చింది. పదేళ్ళ కాపురంలో మొదటిసారి ఆ కోపాన్ని మింగాలనిపించలేదు.

"ఆగిందనే రాస్తానండీ. ఎవరు ఆపారో కూడా. రేపు కొత్త ముక్కలతో మొదటినుంచీ మొదలుపెడతాను, ఈసారి ఈ గది తాళం నా దగ్గరే ఉంటుంది. ఆ పేపరు మీరు వెనక్కి తీసుకోండి, లేకపోతే నేనే వాళ్ళకి రాస్తాను."

"మరి గారెలో?" అన్నాడాయన, మిగతాదేదీ చెవిన పడనట్టు.

ఫర్నేసు పక్కన పళ్ళెంలో పూజకి తెచ్చిన కుంకుమ ఇంకా మిగిలుంది. రాజరాజేశ్వరి పిండి ఎండిన తన రెండు చేతుల మీదా చెరొక బొట్టు పెట్టుకుంది.

"పప్పు రోట్లోనే ఉంది, మీరు రుబ్బండి. ఇవాళ వీటికీ సెలవే."