ఐదో ఫారం

కూతురు మరిచిపోయిన అన్నం డబ్బా ఇచ్చిపోదామని వచ్చిన మనిషి, బడి కిటికీ దగ్గరే కొయ్యబారిపోయింది. లోపల నలభై మంది పిల్లలు ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఇంకో చెయ్యి ఊపుతూ పాడుతున్నారు.

"చీపురమ్మ పిల్ల వచ్చె, ముక్కు మూసుకో!
దూరదూరం జరగమని చెయ్యి ఊపుకో!"

టీచరు బల్లమీద స్కేలుతో తాళం వేస్తోంది. పాఠం బాగా సాగుతోందని ఆవిడ ముఖం వెలిగిపోతోంది కూడా. డబ్బా మరిచిపోయిన పిల్ల అమ్మమ్మ రోజూ ఈ బడి వీధే ఊడుస్తుందని క్లాసులో అందరికీ తెలుసు. అందుకే చేతులన్నీ ఒక్క బెంచీ వైపే ఊగుతున్నాయి. ఆ బెంచీలో కూర్చున్న పిల్ల కూడా ముక్కు మూసుకునే ఉంది.

బయటికొచ్చిన కూతుర్ని తల్లి అడిగింది. "నువ్వెందుకే మూసుకున్నావు?"

"మూసుకోకపోతే ఇంకా నవ్వుతారమ్మా. రేపట్నించి నేను బడికి రాను."

తల్లిది ప్రెస్సులో కాగితాలు మడిచే పని. పదకొండేళ్లుగా అదే పని, అందుకే అందరికీ ఆమె మడతలక్క. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చవుతాయి, సగం తలకిందులుగా. దాన్నే ఫారం అంటారు. మడిచే చేతికి పేజీ అంకె కావాలి గానీ అక్షరంతో పనిలేదు. అంకె మీద అంకె పడిందా, వెదురుబద్దతో మడత నొక్కామా, పక్కన పడేశామా, అంతే. ఆ రోజు మాత్రం ఆమె ఐదో ఫారాన్ని తిప్పి పట్టుకుని చదివింది. పిల్లల పాటల పాత పుస్తకం, మళ్లీ అచ్చవుతోంది, ఈసారి బడులన్నిటికీ. అదే పాట. పక్కన బొమ్మ: ముక్కు కారుతున్న పిల్ల, చుట్టూ ఈగలు.

నిరుడు కూడా ఈ ఫారాన్ని మడిచింది తన చేతులే. ముందు సిగ్గేసింది. తర్వాత ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరికీ చదివి వినిపించింది. "ఇది నేను మడవను."

సూదీ దారంతో జీవితం గడిపిన బైండరు తాత విసుక్కున్నాడు. "రాసినాయన పోయి యాభై ఏళ్లయింది. అప్పటి మాటలే అవి. కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"కంద నా కూతురే తాతా. దురద నాకు కాక ఎవరికి?"

"పని పోతే?" అంది పక్కనున్న మడతల పిల్ల.

"పోతుందేమో. పిల్ల బడి పోయిందిగా ఇప్పటికే."

తాత అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

కబురు ఓనరుకి చేరింది. ఆయన ఒంటరిగా రాలేదు, ఆ పుస్తకానికి పీఠిక రాసిన పండితుణ్ణి వెంటేసుకొచ్చాడు. పీఠిక నిండా పిల్లల మీద ప్రేమే. ఆయన పిల్లల్ని దగ్గరగా చూసింది అట్టమీద బొమ్మలోనే అనుకోండి, అది వేరే సంగతి.

"అమ్మాయ్, ఇది మన సాహిత్య సంపద," అన్నాడు పండితుడు కళ్లు అరమోడ్చి. "పెద్దలు రాసిన దాంట్లో ఒక్క అక్షరం తీసినా మహాపాపం."

"తీసెయ్యమనట్లేదండీ. దాచుకోండి, ఇది తప్పని రాసి మీలాంటి పెద్దవాళ్లే చదువుకోండి. పసిపిల్లల నోట్లో మాత్రం పెట్టకండి."

అప్పుడు లేచాడు తాత. "ఒక్క అక్షరమూ తియ్యలేదా అయ్యా? మొదటి అచ్చు కుట్టింది నేనే. ఈ పేజీ ఎదురుగా ఇంకో పాట ఉండేది. 'దొరగారి బొజ్జ నిండె, ఊరి గాదె ఖాళీ!' అదేదీ?"

ఓనరు దగ్గాడు. ఆ దొరగారి మనవడే బడులకు పుస్తకాలు ఎంచే కమిటీకి పెద్ద.

"అది... అభిరుచి దృష్ట్యా..." అని నసిగాడు పండితుడు.

"ఓహో!" అంది మడతలక్క. "దొర బొజ్జ నొచ్చుకుంటే పాట ఎగిరిపోతుంది. మా పిల్ల ఏడిస్తే అది సంపద!"

గొల్లున నవ్వారు ప్రెస్సు జనం. తాత సూదిని దారపుండకి గుచ్చి జేబులో పెట్టుకున్నాడు. మడతల పిల్ల బద్ద కింద పెట్టింది. తర్వాత కటింగు వాళ్లూ, మిషను వాళ్లూ. అందరూ వెళ్లి ఐదో ఫారం కట్టల మీదే కూర్చున్నారు. ఓనరు బతిమాలలేదు, పోలీసుల్ని పిలిచాడు. తాతనీ మడతలక్కనీ జీపెక్కించారు. పాట మీద కేసు ఉండదు కదా, అందుకని కాగితాలు పాడుచేశారని రాశారు.

ఆ వార్త చీపుర్లవాళ్లకి పొద్దున్నే తెలిసింది. అమ్మమ్మ పండితుడి వీధి మొదట్లో చీపురు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. వీధులు ఊడ్చేవాళ్లంతా ఆమె పక్కన చేరారు. ఓనరు వీధీ, పండితుడి వీధీ, కమిటీ పెద్ద వీధీ ఊడ్చేది లేదన్నారు.

మూడో రోజుకి ఎండ ముదిరింది, చెత్తా ముదిరింది. పండితుడు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. రెండో చేత్తో ఈగలు తోలుకుంటున్నాడు.

అమ్మమ్మ తలెత్తి చూసింది. "పాట కూడా పాడండి పంతులుగారూ. మీకు కంఠతా వచ్చుగా!"

ఆమె పక్కన కూర్చున్న మనవరాలు నవ్వింది. తల్లిని పట్టుకెళ్లిన ఈ మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు.

"అమ్మమ్మా, రేపు బడికెళ్తా. వాళ్లు పాడితే పాడనీ. నేను ముక్కు మూసుకోను."

"వెళ్లు. మేమూ వస్తాం, కిటికీ దగ్గర నిలబడతాం."

పండితుడు ఫట్‌మని తలుపేసుకున్నాడు. చెత్త మాత్రం అక్కడే ఉంది. పని మానేసిన ప్రెస్సువాళ్లు వరసగా నడిచొచ్చి ఊడ్చేవాళ్ల పక్కన కూర్చున్నారు.