మూసిన నీళ్ళు

సాయంత్రం నాలుగున్నర దాటితే నాజియా ఇంకో బండిని షెడ్డులోకి రానివ్వదు. మండవల్లి రోడ్డు మీద, చేపల చెరువుల మధ్యన ఉంది ఆమె వాటర్ సర్వీసింగ్ షెడ్డు. పొద్దుటి నుంచి చేపల వ్యాన్లు వస్తూనే ఉంటాయి. పొలుసూ నీచూ వదలాలంటే మామూలు పైపుతో అయ్యే పని కాదు, ప్రెషర్ పంపు ఉండాల్సిందే. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ పంపుని కాపాడుకోవడమే ఆమెకి రోజూ ఓ గంట పని.

ఆ రెండు నెలలూ అయిదున్నర ప్రాంతంలో కొల్లేటి వైపు నుంచి చలి నడిచి వస్తుంది. రోడ్డు వారన గడ్డి ఒక పక్కకి ఒరుగుతుంది. పడుకున్న కుక్కలు లేచి దారిస్తాయి. మనుషుల్ని ముట్టుకోదు, తెరిచి ఉన్న నీళ్ళ జోలికీ పోదు. మూసిపెట్టిన నీళ్ళు ఎక్కడుంటే అక్కడ ఆగి, వాటిని రాయిలా బిగించి, తన దారిన పోతుంది. అందుకని జనం కుళాయిలు కాస్త తిప్పి ఉంచుతారు, సీసాల మూతలు తీసేస్తారు. తూము మూసి ఉంటే చెరువూ మూసిన నీళ్ళే, అందుకే రైతులు తూము పలకలు పైకెత్తి, నీళ్ళకి బోదె కాలవలోకి దారి వదులుతారు. పంచాయతీ ఆటో మైకులో రోజూ ఓసారి గుర్తు చేసి పోతుంది.

నాజియాకి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. నాలుగేళ్ళ కిందట ఆమె తండ్రి రహమాన్ పంపులో నీళ్ళు ఖాళీ చెయ్యడం మరిచిపోయాడు. మర్నాడు స్విచ్చి వేసేసరికి, అప్పటికే బీటలు వారిన పంపు బద్దలై ఇత్తడి ముక్క కుడికంట్లో దిగింది. అప్పటినుంచీ ఆయన ఏలూరులో ఇంటి పట్టునే ఉంటున్నాడు. షెడ్డు నాజియా చేతికొచ్చింది, దాంతోపాటు భయమూ వచ్చింది. నాలుగు గంటలయ్యేసరికి ఆమె మాటిమాటికీ గడియారం చూడటం మొదలవుతుంది.

ఆ రోజు ఆఖరి బండి నెల్సన్‌ది. పెదపాడు కుర్రాడు, పెళ్ళై ఏడాది కాలేదు. కడిగిన వ్యాను తీసుకుని, "వస్తానక్కా" అని చెరువు గట్టు మీదికి రివర్స్ చేశాడు. నాజియా కుళాయి కట్టేసి, పైపు ఊడదీసి, నీళ్ళు చిమ్మే గన్ను నొక్కి పట్టుకుంది. గన్నులో నీళ్ళు అయిపోయి ఉత్త గాలి వచ్చేదాకా నొక్కాలి. ఆ తర్వాత మోటారు ఒక్క క్షణం తిప్పి మిగిలిన నీళ్ళు కక్కించాలి. గడ్డకట్టకుండా కూలెంట్ పోసి గోనె చుట్టాలి.

గన్నులోంచి ఇంకా నీళ్ళు కారుతుండగానే పెద్ద చప్పుడైంది.

తిరిగి చూస్తే గట్టు మీద వ్యాను లేదు. బురద జారి వెనక్కి దొర్లుకుంటూ చెరువులో పడింది. వెనకున్న చేపల పెట్టె ఖాళీగా మూసి ఉండటంతో ములగకుండా తేలుతూ ఇరవై గజాల లోపలికి పోయింది. నెల్సన్ కిటికీలోంచి ఎలాగో బయటపడి టాపు మీదికెక్కాడు.

"అక్కా! నాకు ఈత రాదక్కా!"

నాజియాకీ రాదు. గన్ను పారేసి పరిగెత్తింది. చెరువు యజమాని బంగార్రాజు అప్పటికే కర్ర ఊతంతో గట్టు మీదికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పనిచెయ్యవు. గట్టు కోసం మట్టి తవ్విన చోటది, రెండు నిలువుల లోతు. నాజియా హోస్ పైపు తెచ్చి విసిరింది. సగం దూరంలో పడి ములిగిపోయింది. పెట్టె సందుల్లోంచి బుడగలు వస్తున్నాయి. నీళ్ళు టాపు అంచు దాకా వచ్చాయి.

అప్పుడే రోడ్డు మీద కుక్కలు లేచి పక్కకి తప్పుకున్నాయి. షెడ్డులోంచి ఠాప్పుమని వినిపించింది. పంపు పగిలింది.

నాజియా షెడ్డు వైపు తిరగబోయి ఆగింది. తూము వంక చూసింది. బంగార్రాజూ అటే చూస్తున్నాడు.

"పలక దించితే చెరువు మూసినట్టేనండీ, గడ్డ కట్టేస్తుంది," అంది. "కానీ మీ చేపలు... వచ్చే వారం పట్టుబడి కదండీ."

ఏడాది మేత తిని అమ్మకానికి ఎదిగిన చేపలు, బొచ్చెలూ శీలావతులూ. బంగార్రాజు కర్ర పక్కన పెట్టి తూము పలక పట్టుకున్నాడు. టాపు మీద నెల్సన్ ఏడుస్తున్నాడు.

"పట్టమ్మా," అన్నాడాయన. "నా ఒక్కడి వల్ల కాదు."

ఇద్దరూ కలిసి పలక దించారు. గట్టు మీద గడ్డి వాళ్ళ వైపు ఒరిగింది. చలి వాళ్ళ మధ్యలోంచే దిగింది. అంచు నుంచి లోపలికి నీళ్ళు తెల్లబడుతూ పోయాయి. వ్యాను చుట్టూ బిగుసుకున్నాయి. ములుగుతున్న వ్యాను కిర్రుమని ఆగింది.

"దిగు నెల్సన్! నడిచి రా!"

దిగాడు. నాలుగడుగులు వేశాడు. కాళ్ళ కింద గడ్డ పటపటమనేసరికి అక్కడే చతికిలబడ్డాడు. ఎంత పిలిచినా లేవడే. గడ్డ కింద చేపలు కొట్టుకుంటున్నాయి. బంగార్రాజు పలక పట్టుకుని నిలబడ్డాడు, ఎత్తలేడు, వదల్లేడు.

నాజియా చెప్పులు విడిచింది. నాలుగేళ్ళుగా ఏ చలికి జడిసి బతుకుతోందో దాని మీదే కాలు పెట్టింది. పాదాలు కాలినట్టయింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఒక్కొక్క అడుగూ వేస్తూ వెళ్ళి చున్నీ కొస అతని చేతికిచ్చింది.

"కిందకి చూడకు. ఈ చున్నీనే చూడు."

"నువ్వు వణికిపోతున్నావక్కా."

"నా సంగతి వదిలెయ్. లే."

వాళ్ళు గట్టు ఎక్కీ ఎక్కకముందే బంగార్రాజు చేతికర్ర కింద దోపి, ఒంటి బరువంతా వేసి పలక ఎత్తేశాడు. నీళ్ళు బోదెలోకి దూకాయి. చలి కాసేపు నిలబడి, మెల్లిగా రోడ్డు వెంట సాగిపోయింది. గడ్డ కరిగి ముక్కలైంది. తెల్లటి పొట్టలతో చేపలు తేలాయి. కొన్ని మాత్రం తోకలాడించి అడుక్కి పోయాయి. బంగార్రాజు గట్టు మీద కూర్చుని వాటినే చూస్తున్నాడు.

నెల్సన్ నాజియా ఫోను తీసుకుని భార్యకి చేశాడు.

"నేనే. కాస్త లేటవుద్ది, అన్నం తినేసెయ్."

"ఎవరి ఫోనండీ ఇది? బయట చలి తిరుగుతోందంట. మఫ్లర్ ఉందా?"

నెల్సన్ చెరువు వంక చూశాడు. వ్యాను టాపు ఒక పక్కకి ఒరిగి, ఒక్కసారిగా బుడగలు వదిలి, నీళ్ళ కిందకి వెళ్ళిపోయింది.

"ఉంది," అన్నాడు. "కట్టుకునే ఉన్నాను."