చనిపోయినవాడి టికెట్

సమాధుల గోడలో కింది వరస అరలో ఉన్నాడు డెల్మీరో. అతని భార్య డొరిందా ఒక చేత్తో నడుము పట్టుకుని వంగి, పాలరాతి పలక మీద వేళ్ళ కణుపులతో తట్టింది.

"లే. సాన్ ఆంద్రెస్‌కి వెళ్తున్నాం. బస్సు వచ్చే వేళయింది."

పక్క సమాధి దగ్గర వాడిన పూలు తీసేస్తున్న ముసలావిడ తలెత్తి చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. ఇన్నాళ్ళకా, అన్నట్టు చిన్న నింద మాత్రం ఉంది.

ఆ నింద న్యాయమైనదేనని డొరిందాకి తెలుసు. కొండచరియ చివర, సముద్రం మీదికి ఒరిగినట్టుండే సాన్ ఆంద్రెస్ గుడి మెట్టు డెల్మీరో బతికుండగా ఎక్కలేదు. బతికుండగా వెళ్ళనివాడు చచ్చాకైనా అక్కడికి వెళ్ళాలి; అలాంటివాణ్ణి ఇంటివాళ్ళే పిలిచి, పక్కన చోటిచ్చి, దారంతా మాట్లాడుతూ తీసుకెళ్ళాలి. లేదంటే ఆ ఆత్మ ఏ పామో తొండో అయి నేల మీద పాకుతూ ఆ దారి పట్టాలి. ఊళ్ళో అందరూ ఏడాది తిరక్కుండా ఆ పని చేసేస్తారు. డొరిందా మూడేళ్ళు చెయ్యలేదు. ప్రతి సెప్టెంబరు తిరనాళ్ళకీ ఏదో ఒకటి అడ్డం వచ్చిందని చెప్పేది. నడుము నొప్పి అనేది, సముద్రం బాగా వెనక్కి తీసింది, ఆల్చిప్పలు తవ్వుకోకపోతే ఎలా అనేది.

అసలు సంగతి పెరట్లో ఉంది. బట్టలుతికే రాతిగట్టు మీదికి ఎండ పొడ రాగానే పచ్చటి తొండ ఒకటి వచ్చి కూర్చునేది. డెల్మీరో చనిపోయిన వేసవిలోనే మొదటిసారి వచ్చింది. డొరిందా దుప్పట్లు బాదుతూ దాని వంక చూసి, "తొందరగా ఉందా? ఆగు, నేనూ ఆగాను" అనేది. అంజూరపండు ముక్క విసిరేది. జాలితో కాదు, అది చావకూడదని. బతికున్నన్నాళ్ళూ అతని రాకపోకలు ఓడ చేతిలో ఉండేవి. చచ్చాక ఆమె చేతికి చిక్కాడు. ఆ చిక్కడంలో ఉన్న తీపిని ఆమె ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

ఈ వేసవిలో మాత్రం ఒకరోజు తొండని చూస్తే కోపం రాలేదు. వెతుక్కున్నా రాలేదు. ఆమెకి భయమేసింది. కోపం ఇంకిపోయేలోపు అతనితో అనవలసింది అనేయాలి. ఆ తర్వాత పోనీ.

బస్సు మెట్టు మీద నిలబడి, "రెండు" అంది.

"రెండోది ఎవరికి?" అన్నాడు డ్రైవర్ అమారో.

"మా ఆయనకి."

"డెల్మీరోకా! అయితే కిటికీ పక్కన కూర్చోబెట్టు. బతుకంతా ఓడ అడుగున ఇంజన్ దగ్గరే సరిపోయింది పాపం, సముద్రం చూసిందెప్పుడు?"

"వాంతి చేసుకోడు కదా నీ బస్సులో?" అన్నారెవరో వెనకనుంచి.

"చేసుకున్నా తుడిచే పని లేదుగా."

అందరూ నవ్వారు. డెల్మీరో అక్క బల్బీనా ఒక్కతే నవ్వలేదు. నల్లబట్టల్లో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, సరిగ్గా వాళ్ళ వెనక సీట్లో కూర్చుని ఉంది. ఆవిడ ఏటా వెళ్తుంది. డొరిందా తల వంచి పలకరించి, ఖాళీ సీటు వైపు తిరిగింది.

"కదిలాం. వంతెన దాటుతున్నాం" అని చెప్పింది. అలా చెప్పాలి, లేకపోతే చనిపోయినవాళ్ళు దారి తప్పుతారు. "సెదేయిరా వచ్చింది. ఇక్కణ్ణుంచి అంతా ఎక్కుడే."

ఎక్కుడు మొదలయ్యాక గొంతు తగ్గించింది.

"మన పిల్ల మీనియా ఛాతీలో కఫంతో ఎగరొప్పుతుంటే మొక్కుకున్నాను, ఇద్దరం సాన్ ఆంద్రెస్‌కి నడిచి వస్తామని. నిన్ను పిలవడానికి సారాకొట్టుకి వచ్చాను. నీ చేతిలో పేకముక్కలున్నాయి. తల కూడా ఎత్తలేదు నువ్వు. 'నేను చచ్చాక ఎలాగూ తీసుకెళ్తావుగా, అప్పుడైతే కాళ్ళు నొప్పెట్టవు' అన్నావు. కొట్టు కొట్టంతా నవ్వింది. నేను ఒక్కదాన్నే నడిచాను. సగం మొక్కు తీర్చాను. ఆ చలికాలం పిల్ల పోయింది. నువ్వు ఐర్లండు నీళ్ళలో ఓడ మీద ఉన్నావు. పూడ్చిపెట్టాక వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, సూపు ఉందా అని అడిగావు. అదొక్కటే అడిగావు. నేను పెట్టాను. ఎందుకు పెట్టానా అని ముప్ఫై ఏళ్ళనుంచి ఆలోచిస్తున్నాను."

మలుపు మలుపుకీ కొంచెం కొంచెంగా అంతా చెప్పింది. చెప్పిన కొద్దీ లోపల గట్టిపడినదేదో నానుతున్నట్టనిపించింది. చివర్లో ఏడుపు కూడా వచ్చింది. సీటు మీద చెయ్యి వేస్తే గుడ్డ వెచ్చగా ఉంది. ఎండ వల్ల కావచ్చు. ఆమె అలా అనుకోలేదు.

సాన్ ఆంద్రెస్‌లో అందరితో పాటు రాళ్ళకుప్ప మీద ఒక రాయి వేసింది, ఇంకోటి అతని తరఫున వేసింది. రంగులద్దిన పిండిబొమ్మల అంగళ్ళు దాటి, గుడిలో కొవ్వొత్తి వెలిగించి, "ఇక్కడే ఉండు. ఇక నీకూ నాకూ సరి" అంది. గుడి కింద నీటిధార దగ్గర రొట్టెముక్క వేసింది. మునిగితే కోరిక తీరదంటారు. అది తేలింది.

"డొరిందా."

బల్బీనా పక్కకొచ్చి నిలబడింది.

"ఏంటి వదినా?"

"బస్సులో నువ్వన్నవన్నీ విన్నానే."

"మీ కోసం అనలేదు."

"వాడూ వినలేదు. వాడా సీట్లో లేడు." బల్బీనా నీళ్ళ వైపే చూస్తోంది. "వాడు పోయాక వచ్చిన మొదటి సెప్టెంబరులోనే నేను తీసుకొచ్చేశాను."

"నాతో చెప్పకుండానా?"

"నువ్వు తేవని నాకు తెలీదా? పలక తట్టాను, వచ్చాడు. ఇద్దరం నడిచే వచ్చాం."

"పెళ్ళాన్ని నేనుండగా పిలవడానికి మీరెవరు?"

"వాడి చీమిడి తుడిచి పెంచినదాన్ని. దారంతా పిల్ల గురించే మాట్లాడుకున్నాం."

"చచ్చినవాళ్ళు మాట్లాడరు వదినా."

"బతికున్నప్పుడు మాట్లాడాడుగా. ఓడ దిగిన ప్రతిసారీ ముందు మా ఇంటికే వచ్చేవాడు. వంటింట్లో తలుపేసుకుని ఏడ్చేవాడు, ఆ పేకాట రోజు తలుచుకుని. ఆ తర్వాత పంపు కింద తల పెట్టి కడుక్కుని నీ దగ్గరికి వచ్చేవాడు."

తడి జుట్టు. ప్రతిసారీ గుమ్మంలో తడి జుట్టుతో నిలబడేవాడు. ఇంజన్ నూనె కడుక్కున్నాడని అనుకునేది డొరిందా.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగాను. 'అది సూపు పెట్టేసి గోడ వైపు తిరుగుతుందక్కా, ఆ వీపుతో ఏం చెప్పను' అన్నాడు."

"మీరైనా చెప్పచ్చుగా! ముప్ఫై ఏళ్ళు పక్కవీధిలో ఉన్నారు."

"నువ్వడిగావా ఎప్పుడైనా?"

బల్బీనా గొంతులో జాలి ఉంది. జాలి కింద మరొకటి కూడా ఉంది. డొరిందా దాన్ని వెంటనే గుర్తుపట్టింది, మూడేళ్ళు తొండ ముందు తన గొంతులో పలికినదే కనుక. ఆ ఏడుపంతా ఈవిడ తన కోసం దాచుకుంది. ఒక్క చుక్క కూడా బయటికి పోనివ్వలేదు.

తిరుగు ప్రయాణంలో డొరిందా కూర్చున్నాక బల్బీనా ఎక్కలేక ఎక్కింది. మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి డొరిందా పక్కన ఆగింది.

"కొంచెం జరుగు. వెనక చక్రం మీద కుదుపులు భరించలేకపోతున్నాను. ఇది ఖాళీయేగా."

డొరిందా తన సంచి తీసి ఆ సీట్లో పెట్టింది. "దీనికి టికెట్ ఉంది."

"ఎవరికే?"

డొరిందా ఆ సంచి మీద చెయ్యి వేసింది. అమారో అద్దంలోంచి చూసి బండి తీశాడు. ఈసారి మలుపులు చెప్పడానికి ఆమె నోరు తెరవలేదు. వచ్చేటప్పుడు అన్న మాటలన్నీ ఆ సీటు దగ్గరే ఉన్నాయి, ఎవరూ తీసుకోకుండా. మళ్ళీ లోపలికి తీసుకుందామంటే ఎలాగో తెలియలేదు.

ఇంటికి చేరేసరికి పెరట్లో ఇంకా ఎండ పొడ ఉంది. రాతిగట్టు మీద తొండ ఉంది. అడుగుల చప్పుడుకి పారిపోలేదు. మూడేళ్ళుగా ఆ అడుగుల వెనక అంజూర ముక్క వస్తుందని దానికి తెలుసు. తల ఎత్తి, పక్కకి వాల్చి, ఎదురుచూసింది.

"పో" అంది డొరిందా. "నువ్వెవరో నాకు తెలీదు."

అది ఒక అడుగు ముందుకి వేసింది.

ఆమె కాలి చెక్కజోడు ఊడదీసి రాయి మీద ఠాప్ మని కొట్టింది. తొండ రాతి పగుల్లోకి దూరిపోయింది. జోడు చేతిలోనే ఉండగా డొరిందా గట్టు మీద కూర్చుంది. రాయి ఇంకా వెచ్చగా ఉంది. ఎండ గోడ ఎక్కి, గోడ దాటి వెళ్ళిపోయింది. కొంతసేపటికి లేచి వెళ్ళి పండిన అంజూర కోసి తెచ్చి, చీల్చి, పగులు ముందు పెట్టింది.

అది బయటికి రాలేదు.