దస్తగిర్ ఆట, ముంతాజ్ చేయి

గల్ఫ్‌లో, బర్కాలోని ఖర్జూరం తోటలో పొద్దున్నే మడులకు నీళ్లు వదిలి, అవి పారేలోగా దస్తగిర్ ఫోన్‌లో డబ్బు పెట్టి కీనో ఆడేవాడు. ఎనభై నంబర్లలో ఆరు ఎంచుకోవాలి. తెర మీద ఇరవై వెలుగుతాయి; ఎంచుకున్నవి వాటిలో ఉంటే డబ్బు. మొదట్లో నిన్న పడినవే పట్టాడు. తర్వాత చాలాకాలంగా పడనివి. ఆ తర్వాత నాలుగు మూలలు. ఇప్పుడు పక్కపక్కన ఉన్నవి గుంపుగా పట్టేవాడు.

"గా మిషన్‌కు నిన్న ఏం పడ్డయో యాదుంటదా, దస్తగిర్ భాయ్?" అనేవాడు రూమ్‌లో వంట చేసే దేవయ్య.

"లేకుంటే ఇరవై మూడు మళ్లా మళ్లా ఎందుకు పడతాది?"

కడప నుంచి భార్య ముంతాజ్ వీడియో కాల్ చేసినప్పుడు మాత్రం ఆట ఆపేవాడు. తెరలోంచి ఆమె చేయి మోచేతి దాకా బయటికొచ్చి అతని నుదురు నిమిరేది. రూమ్‌లోవాళ్లు ఆ చేతికి సలామ్ చేసి తమ పని చూసుకునేవాళ్లు. దేవయ్య అయితే వేడి రొట్టె చుట్టి ఆ చేతిలో పెట్టేవాడు.

వేసవిలో ముంతాజ్ కడుపులో గడ్డ బయటపడింది. ఆ వారంలోనే ఆపరేషన్ చేయాలన్నారు డాక్టర్లు. ప్రైవేటు ఆసుపత్రికి సరిపోయేంత దాచాడు గానీ, అందులో సగానికి పైగా ఆటలో కరిగిపోయిందని ఆమెకు తెలియదు. "రేపు పంపుతా" అంటూ వచ్చాడు దస్తగిర్. యజమాని అర్బాబ్‌ను అడిగితే, జీతం ముందే వాడేసుకున్నావన్నాడు.

ఆ మధ్యాహ్నం మోటారు షెడ్డులో కూర్చుని, మిగిలిందంతా ఒకే ఆటకు పెట్టేద్దామనుకున్నాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగు, వాటి కింద ముప్పై మూడు, ముప్పై నాలుగు, ఇంకా కింద నలభై మూడు, నలభై నాలుగు. స్టార్ట్ నొక్కబోయాడు.

కాల్ రాలేదు. అయినా చేయి వచ్చింది, సబ్బు నురగతోనే. అతని వేలు పట్టుకుంది.

"వదులు ముంతాజ్. ఈ ఒక్కసారికి వదులు. నీ కోసమే."

గుంజుకున్నాడు. ఆమె గాజు ఒకటి పగిలింది గానీ పట్టు సడలలేదు. చివరికి ఆ అరచేతిలో మొహం పెట్టి ఏడుస్తూ అంతా చెప్పేశాడు. డబ్బు పోయిందన్న మాట దగ్గర ఆ వేళ్లు చల్లబడ్డాయి. మెల్లగా లోపలికి వెళ్లిపోయాయి.

వెంటనే ఫోన్ మోగింది.

"బట్టలు ఉతుకుతా ఉంటే చేయి గుంజుకపోయింది," అంది ముంతాజ్. "ఎంత మిగిలుంటే అంత ఇప్పుడే పంపు. పక్కింటి రుఖయ్యక్కను తోడు తీసుకోని సర్కారు ఆసుపత్రికి పోతా. ఇంకేం చెప్పొద్దు."

ఆట ఖాతాలో మిగిలిందంతా వెనక్కి తీసి పంపాడు. ఆపరేషన్ ఉచితంగా అయింది; బయట కొనాల్సిన మందులకు అది సరిపోయింది. ముంతాజ్ బతికింది.

ఇప్పుడూ రోజూ ఫోన్ చేస్తుంది. తిన్నావా అని అడుగుతుంది. దస్తగిర్ తెరకు దగ్గరగా తల వంచుకుని కూర్చుంటాడు. ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుని మాట్లాడుతుంది.