నలభయ్యో గ్లాసు

వెలుతురుకి ఎత్తి చూసిన గ్లాసు అంచున ఎవరిదో పెదవి ముద్ర ఇంకా సన్నగా మిగిలి ఉంది. సుందర్ రాజు దాన్ని మళ్ళీ వేడినీళ్ళ ఆవిరి మీదికి వంచాడు. ఆవిరి పట్టాక తెల్లగుడ్డ లోపలికి దోపి బొటనవేలితో రెండు తిప్పులు తిప్పాడు, బయట ఒక తిప్పు. మళ్ళీ ఎత్తి చూస్తే ఈసారి అవతలి గోడ తప్ప ఏమీ కనిపించలేదు. ఉదయం పదకొండు దాటింది. జూబ్లీ హిల్స్‌లోని ఆ లౌంజ్‌లో కుర్చీలు ఇంకా టేబుళ్ళ మీద బోర్లించే ఉన్నాయి. నిమ్మతొక్కలు, సిగరెట్లు, ఎవరిదో ఖరీదైన సెంటు, అన్నీ కలిసిన రాత్రి వాసన పోవడానికి కిటికీలు తీసిపెట్టారు.

అతనికి యాభై తొమ్మిదేళ్ళు. సన్నటి మనిషి. ట్రేలు మోసి మోసి ఎడమ భుజం రెండంగుళాలు కిందికి దిగింది. ఈమధ్య ఆ చెయ్యి మోచేతి దాకా లాగుతోంది, మూడంతస్తుల మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ట్రేల వల్లే అనుకుని ఊరుకున్నాడు. వేడినీళ్ళకి వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయి, రేషన్ షాపులో మిషను అతన్ని ఎన్నిసార్లు నొక్కినా గుర్తుపట్టదు. వెంట భార్య సరోజమ్మ వెళ్ళి వేలు పెట్టాల్సిందే.

బాపట్ల దగ్గర్నుంచి ఇరవై నాలుగేళ్ళప్పుడు వచ్చి యూసుఫ్‌గూడలో ఒక పాత బారులో సప్లయర్‌గా చేరాడు. పదకొండేళ్ళ క్రితం ఓనరు దాన్ని మూసేసి ఈ లౌంజ్ పెట్టినప్పుడు పాత సామానుతోపాటు ఇతన్నీ పైకి తెచ్చాడు. అయితే ఇక్కడి వెలుగులకి ఇతని నెరిసిన మీసం నప్పలేదు. అందుకని ఎవరికీ కనబడకుండా వెనకగదిలో గ్లాసుల పని అప్పగించారు. మొత్తం ముప్పై ఐదేళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదంటే ఎవరూ నమ్మరు. నమ్మించాలని అతనూ ప్రయత్నించలేదు.

నమ్మాల్సింది ఒక్కచోటే. అక్కడా నమ్మలేదు. రహమత్ నగర్‌లో అతని చర్చి సంఘం రేకుల షెడ్డుగా ఉన్నప్పటి నుంచీ ఒక నిబంధన ఉంది: మత్తు అమ్మేచోట పనిచేసేవాళ్ళకి ప్రభువు బల్లలో భాగం లేదు. షెడ్డు రెండంతస్తుల మందిరమైంది. ఆ ఇటుకల్లో సగం ఇతను సెలవురోజుల్లో మోసినవే. నిబంధన మాత్రం కదల్లేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె ముక్కలూ, వెనకే ద్రాక్షరసం చిన్నగ్లాసుల పళ్ళెమూ వరసలో చేతులు మారుతూ వస్తాయి. సరోజమ్మ తీసుకుంటుంది. సుందర్ రాజు పళ్ళెం అందుకుని, తొణక్కుండా, పక్కవాళ్ళకి అందిస్తాడు. ఆ మందిరంలో పళ్ళెం పట్టుకోవడం అంత బాగా వచ్చినవాడు మరొకడు లేడు. అది తల్చుకుంటే నవ్వొచ్చేది కొన్నాళ్ళు. తర్వాత నవ్వు రావడం మానేసింది.

పాస్టర్ థామస్ గారు మూడు నెలల క్రితం చెప్పారు: "ఆ పని మానేసి, మానేసినట్టు కాగితం తెచ్చుకోండి బ్రదర్, ఆ వచ్చే మొదటి ఆదివారమే మీకు బల్ల." ఇవాళ శనివారం. రేపు ఆగస్టు మొదటి ఆదివారం. సుందర్ రాజుకి లౌంజ్‌లో ఇదే ఆఖరి రోజు.

బారు గ్లాసులన్నీ అయ్యాక అతను సంచిలోంచి అట్టపెట్టె తీశాడు. అందులో నలభై చిన్న గ్లాసులు. దళసరి గాజు, ఒక్కోదాని అడుగున గోరంత సిలువ చెక్కి ఉంటుంది. అవి మందిరానివి. రహమత్ నగర్‌లో బోరునీళ్ళకి గ్లాసులు తెల్లగా పొర కట్టేవి. పళ్ళెం చేతికొచ్చినప్పుడల్లా ఆ పొరే అతని కంటికి కనబడేది. రెండేళ్ళ క్రితం "నేను కడిగి తెస్తానండి" అని అడిగి తీసుకున్నాడు. లౌంజ్‌లో ఫిల్టరు నీళ్ళున్నాయి, మెత్తటి గుడ్డలున్నాయి. ఎక్కడ కడుగుతున్నాడో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. గ్లాసులు మెరుస్తున్నాయని సంఘమంతా సంబరపడింది. తాగనివ్వకపోతే పోనీ, తాగేవాళ్ళ పెదవులకి తగిలేది తన చేతి శుభ్రమేనని అతనికో తృప్తి.

నలభై తుడిచి, ట్రేలో గుడ్డ పరిచి, కిటికీ దగ్గర ఆరబెట్టాడు. అప్పుడే ఆఫీసు గదిలోకి రమ్మని కబురొచ్చింది.

కాగితం కోసం ముప్పావుగంట నిలబెట్టారు. "రాజు సుందరా, సుందర్ రాజా?" అని మేనేజరు అడిగాడు. పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి. సుందర్ రాజు ఓపిగ్గా చెప్పి, సంతకం చేయించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర ట్రే లేదు.

ఆ మధ్యాహ్నం టెర్రస్ మీద ఒక సినిమా వాళ్ళ విందు ఉంది. మొదటివారం వసూళ్ళు బాగున్నాయని అనుకోకుండా పెట్టుకున్నది. గాజుతలుపు అవతల చూశాడు. తన నలభై గ్లాసులూ స్టీలు ట్రేలో వరసగా ఉన్నాయి. అంచులకి ఉప్పు, పక్కన నిమ్మచెక్కలు, లోపల టెకీలా. నల్లచొక్కా నిర్మాత ఒకటెత్తి ఏదో అరిచాడు, అందరూ ఎత్తారు.

కౌంటరు వెనక కమలాకర్ షేకరు ఊపుతున్నాడు. బారు చూసుకునే కుర్రాడు, మంచివాడే.

"కమలాకర్, కిటికీ దగ్గర గ్లాసులు..."

"నేనే తీసిన కాకా. అరవై మంది వచ్చిండ్రు, షాట్ గ్లాసులు తక్కువ పడ్డయ్. మంచిగ మెరుస్తున్నయ్ గదా అని పెట్టేసిన. ఏమైంది?"

సుందర్ రాజు మళ్ళీ గాజుతలుపు వైపు చూశాడు. ఏమని చెప్పాలి? చెబితే కమలాకర్ పరుగున వెళ్ళి లాక్కొస్తాడు, అక్కడ వాళ్ళు నవ్వుతారు, ఫోన్లు తీసి వీడియోలు పడతారు. అంతకంటే తన గుండెని వాళ్ళ ముందు విప్పి చూపించడం నయం. ఖాళీ ట్రే ఒకటి తీసుకుని, పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి జనం మధ్యలోకి నడిచాడు.

ఎవరూ అతన్ని చూడలేదు. ఖాళీ గ్లాసు తీసే చెయ్యి ఎవరికీ కనబడకూడదని పాత బారులో అతనే పిల్లలకి నేర్పేవాడు. ఒకావిడ మాటల్లో ఉండగా ఆమె మోచేతి పక్కనుంచి ఒకటి తీశాడు. పూలకుండీలో సిగరెట్టు పీకతో దొరికింది ఇంకొకటి. మనసులో ఏడుస్తూనే ఉన్నాడు, ముఖం మాత్రం సప్లయర్ ముఖమే. మూడు గంటలకి ముప్పై తొమ్మిది అయ్యాయి. నలభయ్యోది సోఫాల కింద, తొట్టెల వెనక, చెత్తబుట్టలో కూడా వెతికాడు. దొరకలేదు.

ముప్పై తొమ్మిదీ మూడుసార్లు కడిగాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు. అయినా ఉన్నట్టే ఉంది.

పెట్టె చంకలో పెట్టుకుని కొండ దిగుతుంటే, దాచెయ్యమని దారంతా మనసు పోరింది. ముప్పై తొమ్మిది చూసి నలభయ్యోది పగిలిందనుకుంటారు. రేపు తెల్లచొక్కా వేసుకుని, సరోజమ్మ పక్కన కూర్చుని, చెయ్యి చాస్తే చాలు. ముప్పై ఐదేళ్ళుగా చాచని చెయ్యి. కానీ ఆ పళ్ళెంలోంచి పక్కింటి ముసలమ్మ తాగుతుంది, నిరుడు బాప్తిస్మం తీసుకున్న పిల్లలు తాగుతారు. వాళ్ళకి తెలియకుండా ఆ గ్లాసులు అందించడం అతని వల్ల కాలేదు.

మందిరంలో పాస్టరుగారూ, సంఘ పెద్ద లియో గారూ రేపటి కోసం తెల్లదుప్పటి పరుస్తున్నారు. సుందర్ రాజు నిలబడే చెప్పాడు.

"అయ్యగారూ, ఈ గ్లాసులు నేను రెండేళ్ళుగా పని దగ్గర కడుగుతున్నానండి. ఇవాళ నేను లేనప్పుడు వీటిల్లో మందు పోశారు. తాగారండి. మళ్ళీ కడిగాను. ఒకటి దొరకలేదు."

లియో గారి చేతిలో దుప్పటి కొస ఆగిపోయింది. యూసుఫ్‌గూడ బారులో శనివారాలు తలుపుకి వీపు పెట్టి కూర్చుని, సోడా లేకుండా రెండు లార్జ్‌లు తీసుకునే మనిషి ఆయన. వడ్డించింది ఈ సుందర్ రాజే. మర్నాడు మొదటి ఆదివారమైతే ఆయనే బల్ల దగ్గర నిలబడేవాడు. ఆ మాట సుందర్ రాజు ఏనాడూ ఎవరితోనూ అనలేదు, సరోజమ్మతో కూడా. ఇద్దరి కళ్ళూ ఒక్క క్షణం కలిశాయి. సుందర్ రాజే దించుకున్నాడు. అప్పుడొచ్చింది లియో గారికి గొంతు.

"పవిత్రమైన గ్లాసుల్ని బారుకి మోసుకెళ్తావా? ఎంత ధైర్యమయ్యా నీకు! ఈ మనిషికా రేపు బల్ల ఇచ్చేది, అయ్యగారూ?"

పాస్టరుగారు పెట్టె అందుకుని బెంచీ మీద పెట్టారు. "చెప్పి మంచిపని చేశారు బ్రదర్. కానీ విషయం తెలిస్తే సంఘంలో ఇబ్బంది. క్రిస్మస్ దాకా ఆగండి. చూద్దాం."

"అలాగేనండి."

ఇంటికెళ్ళేసరికి సరోజమ్మ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి మేకుకి తగిలించింది.

"ఏవండీ, కాగితం చూశారా అయ్యగారు? ఏమన్నారు?"

జేబు తడుముకున్నాడు. మడత అలాగే ఉంది. "అడగలేదే," అన్నాడు. ముప్పై ఐదేళ్ళు ఆగినవాడికి నాలుగు నెలలు ఒక లెక్కా అనుకుని, అన్నం తిని పడుకున్నాడు.

మర్నాడు ప్లాస్టిక్ కప్పులతో బల్ల జరిగింది. ముప్పై తొమ్మిది గ్లాసుల్నీ లియో గారే దగ్గరుండి చెత్తబండిలో వేయించారు. సెప్టెంబరులోనూ, అక్టోబరులోనూ సుందర్ రాజు పళ్ళెం అందుకుని, తొణక్కుండా, పక్కకి అందించాడు. అక్టోబరు చివర్లో ఒక మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చాడు. కాఫీకి లేపుదామని వెళ్ళిన సరోజమ్మకి చెయ్యి చల్లగా తగిలింది. నమ్మకమైన దాసుడని పాస్టరుగారు ప్రార్థనలో చెప్పారు. శవపెట్టెకి ముందు భుజం లియో గారే పట్టారు.

ఈ సంగతి లౌంజ్‌కి చేరలేదు. టెర్రస్ సోఫా దిండ్ల సందున దొరికిన చిన్నగ్లాసుని, కాకా ఎప్పుడన్నా వస్తే ఇద్దామని కమలాకర్ తీసి కౌంటరు మీద పెట్టాడు. ఊరికే ఉండటమెందుకని ఎవరో అందులో టూత్‌పిక్‌లు వేశారు. దాని అడుగున ఉన్న సిలువ కనబడాలంటే ఒకసారి ఖాళీ చేసి బోర్లించి చూడాలి, ఇంతవరకూ ఎవరికీ ఆ అవసరం రాలేదు.