సోమయ్య స్లాబు కింద ఉయ్యాల

కల్పలతకు చీటీ డబ్బు చేతికొచ్చింది. నాలుగు లక్షలు! జాకెట్లు కుట్టిన సొమ్ముతో నాలుగేళ్లు నెలనెలా కట్టి, పాట పాడకుండా ఆఖరిదాకా ఆగి తీసుకున్న చీటీ. ఆ పొద్దున నేరేడ్‌మెట్‌లోని వాళ్లింట్లో ఆమె కాళ్లు నేలమీద ఆనితే ఒట్టు.

ఇంటి మీద అప్పులు మూడు. బ్యాంకు లోనుకు వడ్డీ ఎనిమిదిన్నర. ఆ పైన తీసుకున్న టాపప్ లోనుకు పదకొండు. ఇక పైకప్పు స్లాబు కోసం సోమయ్య ఇచ్చిన నాలుగు లక్షల చేబదులుకు వడ్డీయే లేదు. సోమయ్య ఆమె భర్త రాఘవేందర్‌కు చిన్నాయన, రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం సీతాఫల్‌మండి నుంచి వచ్చి, మటన్ తిని, కుర్చీ ఎక్కి గొడుగు మొనతో పైకప్పును తట్టి, "నా స్లాబు మంచిగుందా?" అని అడిగి మరీ పోతాడు.

కల్పలత పుట్టింటి నుంచి తెచ్చుకున్న టేకు ఉయ్యాలబల్ల ఆ ఆరేళ్లూ మంచం కిందే పడుంది. హాల్లో కడదామని ఎప్పుడన్నా, "నా స్లాబుకు బొక్కలు గొడ్తవా బిడ్డా!" అని ఆయన గుండె పట్టుకునేవాడు.

రాఘవేందర్ గోడమీది క్యాలెండరు వెనకవైపు తిప్పి లెక్క వేశాడు. "టాపప్ కట్టేద్దాం. నెలకు మూడువేల ఆరునూర్లు మిగుల్తయ్."

"మామయ్యది కడదాం."

"వడ్డీ లేని అప్పు ముందు కడ్తరా ఎవరన్నా? పిచ్చిలేసిందా ఏందీ?"

"వడ్డీ లేదా? ఆదివారం ఆదివారం ఐదునూర్ల మటన్ ఎవరికోసం తెస్తున్నం? జెర అది సుత లెక్కెయ్!"

వేశాడు. "ఏడాదికి ఇరవై ఆరువేలు. అంటే ఆరున్నర వడ్డీ. బ్యాంకు కన్నా చిన్నాయనే నయం!"

"పెరుగు కలుపు."

"ఏడు."

"పాన్?"

"ఏడుంబావు. ఇగ ఏం కలపాలె, చెప్పు!"

కల్పలతకు నవ్వాగలేదు. నవ్వుతూనే అడిగింది, "మరి నా ఉయ్యాలకెంత వేస్తవ్?"

అతను పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మూడువేల ఆరునూర్లంటే ఎంత? ఎనిమిది లైనింగు జాకెట్లు. అవి నేను ఎక్కువ కుడ్తా తీయ్."

డబ్బు పంపిన పావుగంటకే సోమయ్య ఫోను.

"పైసలేందమ్మా? అంటే ఆదివారం రావద్దంటున్నరా?"

"రా మామయ్యా, మటనుంటది. స్లాబు మాత్రం ఇగ నాది."

"బొక్కలు గొడ్తవా?"

"గొడ్తా."

"ఎవనితోని?"

"ఎవరో ఒకరు దొరక్కపోతరా!"

ఆదివారం పొద్దున్నే వచ్చాడు సోమయ్య. ఒక చేతిలో గొడుగుకు బదులు డ్రిల్లు మిషనుంది. రెండో చేతిలో బొటనవేలంత లావు కొక్కేలు. "ఎవడో వచ్చి ఖరాబు చేస్తుంటే చూస్కుంట ఊకుంటనా? జరుగున్రి!"

గంటసేపు ఇల్లంతా సిమెంటు దుమ్ము. గొలుసులు వేసి, బల్ల కట్టి, బరువు చూడాలని ముందు తనే ఎక్కాడు. పది ఊపులు, ఇరవై ఊపులు.

"చాలు మామయ్యా!"

"ఆగు బిడ్డా, ఇంకా చూస్తున్న."

"దిగు! స్లాబెవరిది?"

సోమయ్య గబుక్కున దిగాడు. కల్పలత చీర కుచ్చెళ్లు దోపుకుని ఎక్కింది. ఆయనే వెనక నిలబడి ఊపాడు. రెండో ఊపుకే ఆమె కాలివేళ్లు తగిలి క్యాలెండరు లెక్కలతో సహా ఊడి పడింది. వంటింట్లో కుక్కరు ఎన్ని కూతలు కూసిందో ముగ్గురిలో ఎవరూ లెక్కపెట్టలేదు.